కొండలను బోడి చేసిన ఉన్ని

ఇంగ్లాండ్ ఉత్తరాన యార్క్‌షైర్ కొండలు చూసి చాలామంది "ప్రకృతి అంటే ఇదీ" అంటారు. ఎటు చూసినా పచ్చిక, ఎక్కడో ఒక చెట్టు. నిజానికి అందులో గొర్రెల పనితనం చాలా ఉంది. ఆ గొర్రెల్లో వేలకు వేలు ఒకప్పుడు క్రైస్తవ మఠాలవి.

1098లో ఫ్రాన్స్‌లో పుట్టిన సిస్టర్షియన్ అనే క్రైస్తవ సన్యాసి శాఖకు రెండు ముఖ్య నియమాలు: జనానికి దూరంగా ఉండాలి, సొంత కష్టంతో బతకాలి. 1132లో యార్క్‌షైర్‌లో వాళ్ల రీవో మఠం వెలిసింది. అదే ఏడాది యార్క్‌లోని తమ మఠంతో పొసగక బయటికొచ్చిన 13 మంది ఫౌంటెన్స్ మఠం మొదలుపెట్టి, తర్వాత వీళ్లలో కలిశారు. ఏకాంతం దొరకని చోట ఊళ్లనే ఖాళీ చేయించారు. పక్కనే ఉన్న బైలాండ్ సన్యాసులైతే ఒక పల్లెను మొత్తంగా వేరే చోటికి మార్చారు. ఈ తీరును 12వ శతాబ్దపు రచయిత వాల్టర్ మ్యాప్ గట్టిగానే దెప్పిపొడిచాడు.

రీవో ఉన్న లోయ ఇరుకు. పైగా రై నది సరిగ్గా మధ్యలోంచి పారేది. దాంతో పొరుగువాళ్లతో ఒప్పందాలు చేసుకుని, దఫదఫాలుగా నదినే లోయ అవతలి అంచుకు జరిపేశారు. అలా తేలిన నేల గడ్డి మైదానమైంది. ఫౌంటెన్స్‌లో ఇంకో రకం తెలివి. అక్కడి పొడవాటి గిడ్డంగి భవనం దక్షిణపు కొస స్కెల్ నది మీదే నిలబడి ఉంటుంది, నీళ్లు కింద రాతి సొరంగాల్లోంచి పోతాయి. మరుగుదొడ్లను కూడా నది మీదే కట్టారు, మురుగు దానంతటదే కొట్టుకుపోయేది. అదే నీటితో తిరిగిన పిండిమర 20వ శతాబ్దం దాకా పనిచేసింది.

అసలు ఆదాయం మాత్రం ఉన్నిది. 14వ శతాబ్దపు ఫ్లోరెన్స్ వ్యాపారి పెగొలొత్తి జాబితాలో ఫౌంటెన్స్ పేరు పక్కన ఏడాదికి 76 మూటలని ఉంది. మూటంటే సుమారు 165 కిలోలు, అంటే రెండు వందలకు పైగా గొర్రెల ఉన్ని. లెక్కేస్తే మంద 15 వేలు దాటుతుంది! ఇంత మంద లేత మొక్కను మొలవగానే కొరికేస్తుంటే అడవి ఎలా తిరిగొస్తుంది? అడవి నరకడం వీళ్లతో మొదలవలేదు, అది రాతియుగం నుంచీ ఉన్నదే. వీళ్లు చేసింది దాన్ని మళ్లీ లేవనివ్వకపోవడం. దూరపు మేతభూముల్లో పశువుల కొట్టాలు కట్టి, పనికి చదువురాని సోదర సన్యాసులను పెట్టారు. మందలు నడిచిన మాస్టైల్స్ లేన్ బాట ఇప్పటికీ ఉంది. అక్కడొక కొండ పేరు ఫౌంటెన్స్ ఫెల్.

ఈ వ్యాపారంలో టెన్షన్ కూడా తక్కువేం కాదు. రాబోయే ఏళ్ల ఉన్నిని ఇటలీ వ్యాపారులకు ముందే అమ్మి డబ్బు తీసుకునేవారు. 13వ శతాబ్దం చివర్లో గజ్జి రోగం మందల మీద పడేసరికి మఠాలు అప్పుల్లో కూరుకుపోయాయి. తర్వాత భూములు కౌలుకిచ్చుకుంటూ వచ్చారు.

1539లో ఇంగ్లాండ్ రాజు ఎనిమిదో హెన్రీ ఫౌంటెన్స్‌ను మూయించాడు. మరుసటి ఏడాది దాన్ని లండన్ వ్యాపారి రిచర్డ్ గ్రెషమ్ కొన్నాడు. సన్యాసులు పోయినా గొర్రెలు పోలేదు. ఈమధ్యే కొన్ని వాలుల్లో మందలు తగ్గించి చెట్లు నాటుతున్నారు.