టీవీ పంచాయితీలో ‘ఒప్పుకుందా, లేదా?’: కొన్ని అపోహలు, వాస్తవాలు

మధ్యాహ్నం భోజనాలయ్యాక టీవీ పెడితే ఏదో ఒక ఛానెల్లో పంచాయితీ నడుస్తుంటుంది. ఓ పక్క అమ్మాయి, మరో పక్క అబ్బాయి, మధ్యలో యాంకర్, చివరి కుర్చీలో మాలాంటి లాయరు ఒకరు. ‘నమ్మించి మోసం చేశాడు’ అని ఆమె ఏడుస్తుంది, ‘ఇష్టపడే వచ్చింది’ అని అతను అంటాడు. బ్రేక్‌లోపు తీర్పు కూడా వచ్చేస్తుంది. నేను జిల్లా కోర్టులో క్రిమినల్ కేసులు చూస్తాను. ఆ తీర్పులు బుర్రలో పెట్టుకుని నా దగ్గరకొచ్చే వాళ్లు తక్కువేం కాదు.

అపోహ: తనే గదికి వెళ్లింది, అరవలేదు, ఒంటి మీద గీత కూడా పడలేదు. ఒప్పుకున్నట్టే.

వాస్తవం: ఒకప్పుడు సుప్రీంకోర్టే ఇలా ఆలోచించింది. 1978లో తుకారాం కేసులో, పోలీస్ స్టేషన్లోనే అఘాయిత్యం జరిగిందన్న ఆరోపణ ఉన్నా, గాయాల్లేవు, ప్రతిఘటించలేదు అన్న లెక్కతో ఇద్దరు పోలీసులను వదిలేసింది. దాని మీద రేగిన ఆందోళనతోనే 1983లో చట్టం మారింది. 2013 సవరణలో ఇంకా సూటిగా రాశారు. ఫలానా లైంగిక చర్యకు సిద్ధమేనని మాటతోనో సైగతోనో ఆమె తనంతట తాను, అనుమానానికి తావు లేకుండా తెలియజేస్తేనే సమ్మతి. ఎదురు తిరగనంత మాత్రాన ఒప్పుకున్నట్టు కాదు. పాత ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహిత 63వ సెక్షన్లో ఇప్పుడున్నదీ ఇదే. ‘ఫలానా చర్య’ అన్న మాట దగ్గర ఆగండి. సినిమాకు రావడం, గదికి రావడం, ముద్దుకు ఒప్పుకోవడం, ఇవేవీ ఆ తర్వాతి దానికి అనుమతి పత్రాలు కావు. స్టూడియోలో మాత్రం మొదటి ప్రశ్న ఇప్పటికీ ‘అసలు ఎందుకెళ్లావమ్మా?’ అనే.

అపోహ: అంతకుముందు ఇంకొకరితో తిరిగిన పిల్ల, ఈమె మాట ఎవరు నమ్ముతారు?

వాస్తవం: సమ్మతి ఉందా లేదా అని తేల్చేటప్పుడు పాత సంబంధాలు, నడవడిక లెక్కలోకి రావు, సాక్ష్య అధినియం 48వ సెక్షన్ ప్రకారం. ఆమెకు అంతకుముందు సంబంధాలున్నాయేమో చూడటానికి డాక్టర్లు చేసే ‘రెండు వేళ్ల పరీక్ష’ను తప్పుబట్టిన సుప్రీంకోర్టు, దాన్ని చేసేవాళ్లు దుష్ప్రవర్తనకు బాధ్యులవుతారని 2022లో హెచ్చరించింది కూడా.

అపోహ: పెళ్లి చేసుకుంటానని చేసుకోకపోతే అది రేప్ కేసే.

వాస్తవం: పంచాయితీ షోలకు తిండి పెట్టేది ఈ తగాదాయే. ఇక్కడ అమ్మాయి తరఫు వాళ్లూ, అబ్బాయి తరఫు వాళ్లూ తప్పుదారి పడతారు. 2019లో ప్రమోద్ సూర్యభాన్ పవార్ కేసులో సుప్రీంకోర్టు రెండు విషయాలు చూడమంది. మాట ఇచ్చిన రోజే నిలబెట్టుకునే ఉద్దేశం అతనికి లేదా? ఆ మాట నమ్మే ఆమె శారీరక సంబంధానికి ఒప్పుకుందా? రెండూ అవునైతేనే సమ్మతి చెల్లదు. నిజంగానే చేసుకోవాలనుకుని, తర్వాత కులం అడ్డొచ్చో, కట్నం దగ్గర బెడిసో వెనక్కి తగ్గితే అది మాట తప్పడం. తిట్టుకోండి, కానీ రేప్ కాదు. 2024 జులై 1 నుంచి న్యాయ సంహిత 69వ సెక్షన్ వచ్చింది. నెరవేర్చే ఉద్దేశం లేకుండా పెళ్లి మాట చెప్పినా, ఉద్యోగమో ప్రమోషనో ఆశ చూపినా, అసలు తానెవరో దాచి పెళ్లాడినా, అలా శారీరక సంబంధం పెట్టుకుంటే పదేళ్ల దాకా శిక్ష. ఇందులోనూ నిరూపించాల్సింది మొదటి రోజు ఉద్దేశమే. కాబట్టి నేను ముందు అడిగేది వాట్సాప్ చాట్లు: అప్పటికే వేరే చోట నిశ్చితార్థం అయిందా, ఇంట్లో ఈమె ఊసెత్తాడా అని.

అపోహ: ఇద్దరూ ఇష్టపడ్డారు, అమ్మాయికి పదిహేడేళ్లైతే ఏం?

వాస్తవం: 18 నిండకపోతే ఆమె ‘సరే’కు చట్టంలో విలువ లేదు. 2012లో పిల్లలపై లైంగిక నేరాల చట్టం, అదే పోక్సో, వచ్చినప్పటి నుంచి ఇంతే. టీనేజీ ప్రేమలకు ఇది మరీ కఠినమని నా అభిప్రాయం, అది వేరే చర్చ. యాంకర్లకు తెలియాల్సింది ఒకటుంది. పదహారేళ్ల పిల్ల కుర్చీలో కూర్చుని గర్భం సంగతి చెబితే, విన్నవాళ్లు పోలీసులకు తెలియజేయాల్సిందే. పోక్సో 19వ సెక్షన్ అది. చెప్పకపోతే వాళ్ల మీదే కేసు.

అపోహ: మొహం మసక చేశాం కదా, ఇంకేం ఇబ్బంది?

వాస్తవం: న్యాయ సంహిత 72వ సెక్షన్ పేరు ఒక్కదాన్నే దాచమనలేదు, బాధితురాలిని గుర్తుపట్టించే ఏ వివరమూ బయటపెట్టకూడదంది. రెండేళ్ల దాకా జైలు. ఓ ఎపిసోడ్లో మొహానికి మొజాయిక్ వేశారు, భర్త పేరుకు బీప్ వేశారు. గొంతు మార్చలేదు, కింద స్క్రోలింగులో మండలం పేరు పరిగెడుతూనే ఉంది. ఆ ఊళ్లో ఆమెను పోల్చుకోనిదెవరు? మేజరైన మహిళ తానే రాతపూర్వకంగా ఒప్పుకుంటే బయటపెట్టొచ్చు, నిజమే. ఆ ఒప్పందం కాగితం ఇంగ్లీషులో ఉంటుంది, మేకప్ వేస్తుండగా సంతకం పెట్టిస్తారు.

అపోహ: ఇద్దరికీ పెళ్లి చేసేస్తే కేసు పోతుంది.

వాస్తవం: రేప్ రాజీ కుదుర్చుకునే నేరం కాదు. నిందితుడు బాధితురాలితో రాఖీ కట్టించుకోవాలని మధ్యప్రదేశ్ హైకోర్టు బెయిల్ షరతు పెడితే 2021 మార్చిలో సుప్రీంకోర్టు కొట్టేసింది. పెళ్లి చేసుకోమని, రాజీ పడమని సలహా ఇవ్వొద్దని జడ్జీలకే చెప్పింది. పూలదండలు తెప్పించే యాంకర్ ఎంత?

అపోహ: టీవీలో చెప్పుకుంటే కేసు గట్టిపడుతుంది.

వాస్తవం: అత్యాచార కేసు విచారణ కోర్టులోనే తలుపులు మూసి చేస్తారు, ఆమె నోరు తెరవగలగాలని. స్టూడియోలో లైట్ల వేడికి, యాంకర్ అరుపులకు ‘రెండేళ్లు’ అన్నది మేజిస్ట్రేటు ముందు ‘ఏడాదిన్నర’ అయితే చాలు. డిఫెన్స్ లాయరు ఆ క్లిప్‌ను ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి కావాల్సిన సర్టిఫికెట్‌తో సహా దాఖలు చేసి, అమ్మా ఏది నిజం అని క్రాస్ ఎగ్జామినేషన్ మొదలుపెడతాడు. అబ్బాయిలకూ అంతే. ‘అవును, పెళ్లి చేసుకుంటానన్నాను’ అని కెమెరా ముందు తల ఊపి వచ్చి, కోర్టులో వేసే జవాబులో (కౌంటర్లో) అలాంటి మాటే అనలేదని రాయమంటారు.

అందుకని షో అయ్యాక వచ్చేవాళ్లను ముందుగా ఎపిసోడ్ లింకు పంపమంటాను. ఇంకా వెళ్లని వాళ్లకైతే 15100 ఇస్తాను, న్యాయ సేవాధికార సంస్థది. ఆదాయంతో పని లేకుండా ఏ మహిళకైనా అక్కడ ఉచితంగా లాయర్ని పెడతారు.