కమాను కట్టతో కత్తి

పైడిభీమవరం నుంచి ఇచ్ఛాపురం దాకా జాతీయ రహదారి పక్కన లారీలు బాగుచేసే షెడ్లు కనిపిస్తూనే ఉంటాయి. అక్కడి పాత ఇనుములో విరిగిన కమాను కట్టలు, అంటే లారీ బరువు మోసే స్ప్రింగు పట్టీలు, దొరుకుతాయి. చేత్తో కత్తి చేసుకోవాలనుకునేవాళ్లకి చవగ్గా దొరికే ముడిసరుకుల్లో దానికి సాటి లేదు. కారణం అందులో ఉన్న కార్బన్. ఇంటి స్లాబుకి వాడే చువ్వలో కార్బన్ 0.3 శాతం లోపే ఉంటుంది. దాన్ని ఎంత కాల్చి నీళ్లలో ముంచినా కత్తికి కావలసినంత గట్టిదనం రాదు. కమాను కట్టలో 0.5 నుంచి 0.6 శాతం దాకా ఉంటుంది. ఆ చిన్న తేడా మీదే కత్తి అంతా ఆధారపడి ఉంది.

మరో దినుసు మాంగనీసు. విజయనగరం జిల్లాలో గరివిడి, చీపురుపల్లి వైపు తవ్వి తీసే ఖనిజమే ఇది. కమాను ఉక్కులో ఇది దాదాపు 0.7 నుంచి 1 శాతం ఉంటుంది. ఇది ఉంటే ఉక్కు కొంచెం నెమ్మదిగా చల్లారినా గట్టిపడుతుంది. అందుకే కమాను కట్టని నీళ్లలో కాకుండా నూనెలో ముంచితే సరిపోతుంది. నీళ్లలో ముంచితే మరీ వేగంగా చల్లారి, అంచు పగిలిపోయే ప్రమాదం ఎక్కువ.

పనిముట్లు నిజంగా కొన్నే. ఒక హెక్సా బ్లేడు, గరుకుదీ నున్నదీ రెండు ఆకురాళ్లు, ఒక డ్రిల్లు, సుత్తి, పట్టకారు, నేలలో చిన్న గొయ్యి, గాలి ఊదడానికి బ్లోయరు. దాగలి లేకపోతే మందమైన ఇనప దిమ్మ చాలు. నన్నడిగితే డబ్బులు పెట్టాల్సింది మంచి ఆకురాయి మీదే.

కమాను కట్ట ముందే గట్టిపరిచిన ఉక్కు కాబట్టి దాన్ని ఆకురాయి సరిగ్గా కోయదు. ఎర్రగా కాల్చి, సుత్తితో వంపు తీసి, మళ్లీ కాల్చి పొడి బూడిదలో పూడ్చి రాత్రంతా వదిలేయాలి. నెమ్మదిగా చల్లారితే లోపలి కార్బన్ ఇనుముతో కలిసి పల్చటి పొరలుగా సర్దుకుంటుంది, ఉక్కు మెత్తబడుతుంది. ఆ తర్వాత ఆకారం కోసి, ఆకురాయితో అరగదీయాలి. ఆకురాయి ముందుకు తోసినప్పుడే కోస్తుంది. వెనక్కి లాగేటప్పుడు పైకెత్తకపోతే పళ్లు అరిగిపోతాయి. పళ్లలో రజను ఇరుక్కోకుండా సుద్దముక్క రుద్దుకుంటే మంచిది. అంచుని ఇప్పుడే పదునుగా చేయకూడదు. మిల్లీమీటరు మందం ఉంచాలి, లేకపోతే నిప్పుల్లో ముందు అదే మాడిపోతుంది. పిడి రివెట్ల కోసం బెజ్జాలు కూడా ఈ దశలోనే వేసుకోవాలి.

అసలు కత్తి పుట్టేది తర్వాతి కొద్ది నిమిషాల్లో. ఉద్దానం కొబ్బరితోటల ప్రాంతంలో చిప్పలకి కొదవ లేదు. వాటి బొగ్గు మంచి వేడినిస్తుంది, ఆ నిప్పుల్లో కత్తిని మళ్లీ కాల్చాలి. మామూలు వేడిలో ఇనుము పరమాణువుల అమరికలో కార్బన్‌కి దాదాపు చోటుండదు. సుమారు 730 డిగ్రీలు దాటాక ఆ అమరిక మారడం మొదలవుతుంది, కార్బన్ లోపల కరిగిపోతుంది. ఇది కంటికి కనబడదు, కానీ అయస్కాంతానికి తెలుస్తుంది. కొత్త అమరికకి అయస్కాంతం అతుక్కోదు. అతుక్కోవడం మానేశాక రంగు ఇంకొంచెం పెరిగేదాకా, అంటే 830 డిగ్రీల చుట్టుపక్కలకి, తీసుకెళ్లాలి. ఎండలో ఈ రంగు తెలియదు. కొలిమి నీడలో ఉండాలి, లేదా పొద్దు వాలాక పని పెట్టుకోవాలి. కమ్మరి కన్ను ఏళ్ల తరబడి నేర్చుకున్న ఉష్ణోగ్రతలివి. థర్మామీటరు లేకుండా ఆ తేడా పట్టుకోవడం గొప్ప విద్య.

వెంటనే, నిలువుగా, గోరువెచ్చని వేరుశనగ నూనెలోకి దించాలి. వెచ్చటి నూనె పల్చగా ఉండి ఉక్కు చుట్టూ వేగంగా కదులుతుంది. పాత ఇంజిన్ ఆయిల్ వాడొద్దు, దాని పొగ ఊపిరితిత్తులకి చేటు. నూనె ఇనప డబ్బాలో ఉండాలి, మంట లేస్తే కప్పడానికి మూత పక్కనే ఉండాలి. ఉక్కు చల్లారుతుంటే పరమాణువులు పాత అమరికకి తిరిగి వెళ్లబోతాయి, కానీ కార్బన్ బయటపడే టైమ్ ఉండదు. అది లోపలే ఇరుక్కుని మొత్తం అమరికని సాగదీస్తుంది. ఆ బిగువే గట్టిదనం. ఈ నిర్మాణానికి జర్మన్ లోహ శాస్త్రవేత్త అడాల్ఫ్ మార్టెన్స్ గౌరవార్థం 1895లో మార్టెన్‌సైట్ అని పేరు పెట్టారు. శ్రీకాకుళం జిల్లా బుడితిలో సామాన్లు చేసే ఇత్తడి సంగతి వేరు. దాన్ని ఎర్రగా కాల్చి నీళ్లలో ముంచినా గట్టిపడదు, మెత్తగానే ఉంటుంది. అందులో ఇలా ఇరుక్కునే కార్బన్ లేదు మరి.

నూనెలోంచి తీసిన కత్తి మీద ఆకురాయి కోయకుండా జారిపోతే పని అయినట్టే. అయితే ఈ దశలో అది కింద పడితే గాజులా పగులుతుంది. వెంటనే ఓవెన్‌లో 200 డిగ్రీల దగ్గర రెండేసి గంటల చొప్పున రెండుసార్లు ఉంచాలి. ఇరుక్కున్న కార్బన్ కొంత బయటికొచ్చి బిగువు సడలుతుంది. కొంచెం గట్టిదనం పోయినా, దెబ్బకి ఓర్చుకునే గుణం వస్తుంది. ముందే మెరిసేలా రుద్ది పెడితే ఉక్కు మీద లేత గడ్డి రంగు తేలుతుంది. అది పూత కాదు. పైన ఏర్పడే అతి పల్చని ఆక్సైడు పొరలో వెలుతురు చేసే పని. వేడి పెరిగే కొద్దీ పొర మందమై రంగు గోధుమకీ, ఊదాకీ, నీలానికీ మారుతుంది. నీలం దాకా వెళ్తే అది స్ప్రింగుకి పనికొస్తుంది, కూరగాయల కత్తికి మెత్తనైపోతుంది.

తర్వాత తుమ్మకర్ర పిడి, ఇత్తడి రివెట్లు, తడిపిన సానరాయి మీద పదును. సానపట్టేటప్పుడు కత్తి వేడెక్కితే అప్పటిదాకా చేసిందంతా పోతుంది. అందుకే గ్రైండరు కన్నా చేతిసాన మేలు.

ఇది స్టెయిన్‌లెస్ కాదు. సముద్రపు గాలి తగిలే ఊళ్లలో వాడగానే తుడిచి, చుక్క నూనె రాయాలి. మామిడికాయ కోశాక నల్లబడితే కంగారు పడక్కర్లేదు. కాయలోని పులుపూ వగరూ ఇనుముతో కలిసి వేసే మరక అది, తుప్పు కాదు. తుప్పు ఎర్రగా, పొడిపొడిగా రాలుతుంది. అది కనిపిస్తే బూడిదతో రుద్ది తీసేయాలి.