రెజ్లింగ్, స్కాలర్‌షిప్, ఎన్‌ఐఎల్: హెచ్-4 పిల్లల తల్లిదండ్రులకు ఎవరూ సరిగ్గా చెప్పని సంగతి

అమెరికాలో ఒక యూనివర్సిటీ అథ్లెటిక్స్ విభాగంలో కంప్లయన్స్ పని చేస్తాను. ఏ కోచ్ ఏ పిల్లాడికి ఎప్పుడు ఫోన్ చేయొచ్చు, ఏ క్రీడాకారుడు ఎవరి దగ్గర డబ్బు తీసుకోవచ్చు, ఏ కాగితం ఎక్కడ చేరాలి అన్నవి చూడటమే నా ఉద్యోగం. రెజ్లింగ్ జట్టు ఫైళ్లు నా దగ్గరే ఉంటాయి. మన తెలుగు పిల్లలు ఈ ఆటలోకి వస్తున్న కొద్దీ వాళ్ల అమ్మానాన్నలు ఎవరో ఒకరి ద్వారా నా నంబర్ పట్టుకుని ఫోన్ చేస్తున్నారు. అడిగేది దాదాపు ఒకే ప్రశ్న: మా వాడు ఎన్‌ఐఎల్ డబ్బు తీసుకోవచ్చా? దానికి వాట్సాప్ గ్రూపుల్లో వాళ్లకు ముందే దొరికిన జవాబు మాత్రం తప్పు. ఎన్‌ఐఎల్ అంటే నేమ్, ఇమేజ్, లైక్‌నెస్: కాలేజీ క్రీడాకారుడు తన పేరు, ముఖం వాడుకోనిచ్చి కంపెనీల దగ్గర డబ్బు తీసుకోవడం.

అపోహ: ఎన్‌సీఏఏ (అమెరికా కాలేజీ క్రీడలను నడిపే సంస్థ) ఒప్పుకుంది కాబట్టి మా వాడు కూడా ఎన్‌ఐఎల్ డబ్బు తీసుకోవచ్చు.

వాస్తవం: మీ వాడు అమెరికన్ సిటిజన్ అయితే తీసుకోవచ్చు. గ్రీన్ కార్డ్ ఉంటే తీసుకోవచ్చు. ఐ-485 (గ్రీన్ కార్డ్ దరఖాస్తు) వేసి దాని మీద ఈఏడీ (పని అనుమతి కార్డు) చేతికి వచ్చి ఉన్నా తీసుకోవచ్చు. హెచ్-4 (హెచ్-1బీ ఉద్యోగి కుటుంబానికి ఇచ్చే వీసా) మీదో, ఎఫ్-1 (విద్యార్థి వీసా) మీదో ఉంటే మాత్రం ఆగండి.

2021 జూలై 1న ఎన్‌సీఏఏ మార్చుకున్నది తన రూల్‌ని. అప్పటిదాకా పేరు, ముఖం అమ్ముకుంటే ఆటకు అనర్హుడయ్యేవాడు, ఆ రోజు నుంచి కావడం లేదు. అంతవరకే. ఎవరు అమెరికాలో పని చేయొచ్చో చెప్పేది ఎన్‌సీఏఏ కాదు, ఇమ్మిగ్రేషన్ చట్టం. ఆ చట్టంలో ఎన్‌ఐఎల్ కోసం ఒక్క అక్షరం మారలేదు. హెచ్-4 మీద ఉన్న పిల్లలకు పని చేసే అనుమతి లేదు. హెచ్-4 ఈఏడీ అని మనం చెప్పుకునేది భార్యకో భర్తకో వస్తుంది, పిల్లలకు రాదు. ఎఫ్-1 వాళ్లు క్యాంపస్‌లో వారానికి 20 గంటలు చేసుకోవచ్చు. బయట చేయాలంటే సీపీటీనో ఓపీటీనో (చదువుకు సంబంధించిన పనికి ఇచ్చే అనుమతులు) కావాలి. డబ్బు తీసుకుని ప్రొటీన్ డబ్బా పట్టుకుని వీడియో చేస్తే అది పని కిందికే వస్తుందని నేను మాట్లాడిన ఇమ్మిగ్రేషన్ లాయర్లందరూ అంటారు. నగదే అక్కర్లేదు. పోస్టు పెట్టినందుకు బదులుగా ఇచ్చిన కారు, బూట్లు, జిమ్ మెంబర్‌షిప్ కూడా ప్రతిఫలమే. జట్టంతటికీ కాలేజీ ఇచ్చే సింగ్లెట్ (రెజ్లింగ్ దుస్తులు), షూస్ సంగతి వేరు, వాటితో ఇబ్బంది లేదు.

ఇక్కడ చాలామంది అడిగే మాట: "డబ్బు నా పేరు మీద వేయించుకుంటే?"

ఒక కుటుంబం ఇలాగే చేసింది. బాబు 165 పౌండ్ల విభాగంలో ఆడతాడు, మంచి రికార్డు. ఒక సప్లిమెంట్ కంపెనీ మూడు రీల్స్ అడిగింది, కొంత డబ్బు ఇస్తామంది, పన్ను వివరాల కోసం డబ్ల్యూ-9 ఫారం పంపింది. అందులో సోషల్ సెక్యూరిటీ నంబర్ గడి ఉంటుంది. హెచ్-4 పిల్లాడికి ఆ నంబర్ ఉండదు. తండ్రి తన పేరు, తన నంబర్ రాసి పంపేశాడు. మరుసటి జనవరిలో 1099 (ఇచ్చిన డబ్బు చూపే పన్ను కాగితం) ఆయన పేరు మీద వచ్చింది. ఆయన హెచ్-1బీ మీద ఉన్నాడు. ఆయన వీసా ఆయన్ని పని చేయనిచ్చేది పిటిషన్ వేసిన కంపెనీలో మాత్రమే. ఇప్పుడు వీడియోలో కనిపించేది కొడుకు, ఐఆర్ఎస్ (పన్నుల శాఖ) దగ్గర ఉన్న కాగితంలో తండ్రి. ఒకరికి రావాల్సిన ప్రశ్న ఇద్దరికీ వచ్చేలా తయారైంది. డబ్బు తిప్పి పంపారు, రీల్స్ తీసేశారు. కానీ చేసిన పని చేయనట్టు అవదు. ఐ-485 ఫారంలో అనుమతి లేకుండా అమెరికాలో ఎప్పుడైనా పని చేశారా అని సూటిగా అడుగుతారు. అక్కడ అబద్ధం రాస్తే అది మొదటి తప్పు కన్నా పెద్ద తప్పు. ఉద్యోగం ద్వారా వచ్చే గ్రీన్ కార్డ్ కేసుల్లో కొంత మినహాయింపు ఉంది, అది ఎవరికి ఎంతవరకు వర్తిస్తుందో లాయర్ చూడాలి, గ్రూపు అడ్మిన్ కాదు.

ఆ తల్లి ఫోన్‌లో ఏడ్చింది. "పన్నెండేళ్లుగా గ్రీన్ కార్డ్ క్యూలో ఉన్నామండీ, మూడు రీల్స్ కోసం ఇదంతా పోతుందా" అని. ఆమె భయం నాకు అర్థమవుతుంది. ఆ పిల్లాడి బాధ కూడా. మూడేళ్లప్పుడు వచ్చాడు, ఖమ్మం వేసవి సెలవుల్లో తప్ప చూడలేదు, పక్క లాకర్ పిల్లాడికి ఉన్నది తనకెందుకు లేదో ఎవరూ కూర్చోబెట్టి చెప్పలేదు. వీసా అనేది ఇంట్లో అమ్మానాన్నలు గది తలుపు వేసుకుని మాట్లాడుకునే విషయం. దయచేసి పదో తరగతికి వచ్చేసరికి పిల్లలకు వాళ్ల స్టేటస్ ఏమిటో, 21 నిండి హెచ్-4 అర్హత పోతే ఏమవుతుందో చెప్పండి. కంపెనీలు మెసేజ్ పెట్టేది మీకు కాదు, వాళ్ల ఇన్‌స్టాగ్రామ్‌కి.

పదో తరగతి అని ఎందుకంటున్నానంటే, ఇది కాలేజీతో మొదలవదు. న్యూజెర్సీలో 2021 నుంచి, పెన్సిల్వేనియాలో 2022 నుంచి హైస్కూల్ పిల్లలకూ ఎన్‌ఐఎల్ ఉంది. కాలిఫోర్నియాలోనూ ఉంది. టెక్సాస్‌లో హైస్కూల్ పిల్లలకు లేదు. రాష్ట్రం ఒప్పుకున్నా వీసా మాట వీసాదే.

"కోచ్ ఫర్వాలేదన్నాడు" అంటారు. కోచ్‌కి రెజ్లింగ్ తెలుసు. "కాలేజీ అప్రూవ్ చేసింది" అంటారు. మా ఆఫీసు చూసేది ఎన్‌సీఏఏ రూల్‌ని. డివిజన్ 1లో (ఎన్‌సీఏఏలో పై స్థాయి) 600 డాలర్లు, ఆపైన ఉన్న ఒప్పందాలను ఎన్‌ఐఎల్ గో అనే పోర్టల్‌లో చూపించాలి. అక్కడ పాస్ అయినా యూఎస్‌సీఐఎస్ (ఇమ్మిగ్రేషన్ శాఖ) దాన్ని లెక్కలోకి తీసుకోదు. పైగా అది మీ అబ్బాయి పేరుతో మిగిలిపోయే ఇంకో రికార్డు. సంతకానికి ముందు ఇంటర్నేషనల్ స్టూడెంట్ ఆఫీసుకు వెళ్లండి, తర్వాత డబ్బు పెట్టి ఇమ్మిగ్రేషన్ లాయర్ దగ్గర ఒక గంట కూర్చోండి. ఆ గంట ఫీజు ఒక టోర్నమెంట్ ట్రిప్ ఖర్చు కన్నా తక్కువే ఉంటుంది.

ఇండియా వెళ్లినప్పుడు చేస్తే? కెంటకీ బాస్కెట్‌బాల్ ఆటగాడు ఆస్కార్ షీబ్వే స్టూడెంట్ వీసా మీద ఉండి, 2022లో జట్టు బహామాస్ వెళ్లినప్పుడు అక్కడ ఎన్‌ఐఎల్ పనులు చేసుకున్నాడు. దారి ఉంది. కానీ ఆ పనులు ముందుగా ప్లాన్ చేసుకున్నవి. షూటింగ్ హైదరాబాద్‌లో చేసి, పోస్టు న్యూజెర్సీ ఎడిసన్‌లో కూర్చుని పెడితే ఏమవుతుందన్న దగ్గరే చిక్కు మొదలవుతుంది. 2025 జూలై నుంచి కాలేజీలే నేరుగా ఇవ్వగలిగే ఆదాయ వాటా మీద కూడా వీసా పిల్లల విషయంలో స్పష్టత లేదు. స్పష్టత లేని చోట ముందు నడిచే పిల్లాడు మీ పిల్లాడు కాకూడదు.

కంపెనీకి ఏం చెప్పాలని పిల్లలు అడుగుతారు. ఒక్క లైన్ చాలు: ఇప్పుడు నేను చేయలేను, నా వీసా స్టేటస్ మారాక మాట్లాడదాం. నిజంగా ఆటను చూసి వచ్చినవాళ్లు తర్వాత కూడా వస్తారు.

ఇంత చెప్పాక ఒక ఊరట కూడా చెప్పాలి, ఎందుకంటే ఇది చదివి బెంబేలెత్తి స్కాలర్‌షిప్ కూడా వద్దనుకున్న ఇళ్లు ఉన్నాయి. అథ్లెటిక్ స్కాలర్‌షిప్ వేరు. అది చదువుకు ఇచ్చే సాయం, ఉద్యోగం కాదు. హెచ్-4 పిల్లలు, ఎఫ్-1 పిల్లలు నిక్షేపంగా తీసుకోవచ్చు. వద్దనకండి.

అపోహ: డివిజన్ 1 ఆఫర్ అంటే ఫుల్ రైడ్ (మొత్తం ఖర్చు భరించే స్కాలర్‌షిప్).

వాస్తవం: 2025 వరకు ఒక డివిజన్ 1 రెజ్లింగ్ జట్టుకు 9.9 స్కాలర్‌షిప్పులు. దాన్ని ముప్పై మందికి పైగా పంచేవాళ్లు. పాతిక శాతం, పుస్తకాల ఖర్చు, కొందరికి సున్నా. హౌస్ కేసు (కాలేజీలే క్రీడాకారులకు నేరుగా డబ్బు ఇచ్చే దారి తెరిచిన దావా) సెటిల్‌మెంట్ 2025 జూన్‌లో ఆమోదం పొందాక అందులో చేరిన కాలేజీలకు ఆ పరిమితి పోయింది, దాని బదులు 30 మంది రోస్టర్ (జట్టు జాబితా) పరిమితి వచ్చింది. 30 మందికీ పూర్తిగా ఇవ్వొచ్చు అన్నది రూల్, ఇస్తారని కాదు. 2025-26లో ఒక్కో కాలేజీ నేరుగా పంచగలిగే ఆదాయ వాటాకు పైహద్దు సుమారు 2.05 కోట్ల డాలర్లు. అందులో సింహభాగం ఫుట్‌బాల్, బాస్కెట్‌బాల్‌కే వెళ్తుంది. రోస్టర్ పరిమితి దెబ్బ తగిలింది వాక్-ఆన్ (స్కాలర్‌షిప్ లేకుండా జట్టులో చేరే) పిల్లలకు. జట్టులో నలభై మంది ఉన్నప్పుడు మూలన చోటు దొరికేది, ఇప్పుడు లేదు. ఐవీ లీగ్‌లోనూ డివిజన్ 3లోనూ అథ్లెటిక్ స్కాలర్‌షిప్పులే లేవు. అక్కడ వచ్చేది కుటుంబ ఆదాయాన్ని బట్టి ఇచ్చే సాయం, డివిజన్ 3లో మార్కులకు ఇచ్చే మెరిట్ కూడా ఉంటుంది. మార్కులున్న మన పిల్లలకు ఒక్కోసారి డివిజన్ 1 కన్నా డివిజన్ 3లోనే ఎక్కువ మిగులుతుంది. కోచ్‌ని మొహమాటం లేకుండా అడగండి: ఎంత, ఎన్నేళ్లకు, గాయమైతే ఉంటుందా, కాగితం మీద ఎప్పుడు ఇస్తారు. నేషనల్ లెటర్ ఆఫ్ ఇంటెంట్ (ఆ కాలేజీలోనే చేరతానని సంతకం చేసే కాగితం) 2024లో తీసేశారు, ఇప్పుడు లెక్కలోకి వచ్చేది ఫైనాన్షియల్ ఎయిడ్ అగ్రిమెంట్.

అపోహ: క్యాంప్‌కి పిలిచారంటే కన్నేశారన్నట్టే. కాదు. క్యాంప్ బ్రోచర్ ఏ వయసు పిల్లాడికైనా పంపొచ్చు, క్యాంపులకు ఫీజు కూడా వస్తుంది. కోచ్ నేరుగా రిక్రూటింగ్ గురించి మాట్లాడగలిగేది పదో తరగతి అయిపోయాక జూన్ 15 నుంచి. ఆ తేదీకి ముందు కోచ్ మీ మెయిల్‌కి జవాబివ్వకపోతే దిగులు పడొద్దు, ఇవ్వకూడదు గనకే ఇవ్వలేదు.

అపోహ: ఎస్ఏటీ లేకపోతే ఎన్‌సీఏఏ ఆడనివ్వదు. 2023 నుంచి ఆ షరతు లేదు. 16 కోర్ కోర్సులు (హైస్కూల్ ముఖ్య సబ్జెక్టులు), డివిజన్ 1కి కనీసం 2.3 జీపీఏ చూస్తారు. కాలేజీ అడ్మిషన్‌కి అడిగితే అది వేరు.

అపోహ: ట్రాన్స్‌ఫర్ పోర్టల్‌లో (కాలేజీ మారాలనుకునే ఆటగాళ్ల జాబితా) పేరు వేస్తే రేటు పెరుగుతుంది. కొందరికి పెరుగుతుంది. పేరు వేసిన క్షణం నుంచి పాత కాలేజీ వచ్చే టర్మ్ స్కాలర్‌షిప్ ఆపేయొచ్చు. ఎఫ్-1 అయితే సెవిస్ (విద్యార్థి వీసా వివరాలు ఉండే ప్రభుత్వ వ్యవస్థ) రికార్డు కూడా బదిలీ కావాలి. కొత్త ఇల్లు ఖాయం కాకముందు పాత ఇల్లు ఖాళీ చేయకండి.

ఇక మార్చిలో కాలేజీ రెజ్లింగ్ జాతీయ పోటీలు వస్తే గ్రూపుల్లో తెల్లవార్లూ నడిచే గొడవ: "పెన్ స్టేట్ టైటిళ్లు డబ్బుతో కొన్నవే." ఈ వాదన వింటే నాకు ఓపిక ఉండదు. కేల్ శాండర్సన్ అక్కడికి కోచ్‌గా వెళ్లింది 2009లో. 2011 నుంచి 2019 లోపు ఎనిమిది టైటిళ్లు గెలిచాడు. ఎన్‌ఐఎల్ వచ్చింది 2021లో. అప్పటికి ఇన్‌స్టాగ్రామ్ ఒప్పందాలు ఎక్కడివి? అలాగని డబ్బే లేదనీ అనను. ఎన్‌ఐఎల్ రాకముందు నుంచే దాతల డబ్బుతో నడిచే ప్రాంతీయ ట్రైనింగ్ సెంటర్లు ఉన్నాయి. చదువు అయిపోయిన ఒలింపిక్ స్థాయి మల్లులు అక్కడే జీతం తీసుకుని సాధన చేస్తారు. పద్దెనిమిదేళ్ల కుర్రాడు రోజూ మ్యాట్ మీద డేవిడ్ టేలర్ లాంటి ఒలింపిక్ ఛాంపియన్‌తో పట్టు పట్టగలిగితే ఆ చోటికే వెళ్తాడు, కంపెనీ చెక్కు చూసి కాదు. ఆ టేలరే 2024లో ఓక్లహోమా స్టేట్ కోచ్ అయ్యాడు. మరుసటి మార్చిలో ఫిలడెల్ఫియాలో జరిగిన జాతీయ పోటీల్లో, ఎయిర్ ఫోర్స్ నుంచి ఓక్లహోమా స్టేట్‌కు బదిలీ అయి వచ్చిన వయట్ హెండ్రిక్‌సన్, టోక్యో ఒలింపిక్ స్వర్ణ విజేత గేబుల్ స్టీవ్‌సన్‌ని ఆఖరి సెకన్లలో పడగొట్టి 5-4తో గెలిచాడు. ఆ రాత్రి మా గ్రూపులో ఒక్కరు కూడా డబ్బు ఊసెత్తలేదు. జట్టుగా మాత్రం పెన్ స్టేట్ 177 పాయింట్లతో గెలిచింది, రెండో స్థానంలో ఉన్న నెబ్రాస్కాకు 117.

చివరిగా, అమ్మాయిల గురించి. "పాపకి ఈ ఆటలో ఏం దొరుకుతుందండీ" అని అడిగేవాళ్లు ఈ మధ్య పెరిగారు. మహిళల రెజ్లింగ్‌ను ఎన్‌సీఏఏ 2025 జనవరిలో ఛాంపియన్‌షిప్ క్రీడగా ఆమోదించింది. జట్లు కొత్తగా పుడుతున్నాయి, బాగా ఆడే అమ్మాయిల కోసం కోచ్‌లు నిజంగానే వెతుకుతున్నారు. న్యూజెర్సీలో 2019 నుంచి, పెన్సిల్వేనియాలో 2024 నుంచి హైస్కూల్ అమ్మాయిలకు విడిగా రాష్ట్రస్థాయి పోటీలు జరుగుతున్నాయి. పాప ఇప్పుడు ఎనిమిదో తరగతి అయితే ఆలస్యమేమీ కాలేదు. మీ స్కూల్‌లో అమ్మాయిల జట్టు ఉందో లేదో అథ్లెటిక్ డైరెక్టర్‌కి మెయిల్ పెట్టి కనుక్కోండి. లేకపోతే చుట్టుపక్కల ఏ క్లబ్బులో అమ్మాయిలకు విడిగా ప్రాక్టీస్ ఉందో కూడా ఆయన్నే అడగండి.