చుక్కలు వేయించాం కదా, మళ్లీ పోలియో సూది ఎందుకు?

పల్స్ పోలియో ఆదివారం దగ్గరపడితే చాలు, దేవరకొండ, అచ్చంపేట వైపు తల్లులు ఏఎన్‌ఎంను అడిగే మాట ఇదే: "పోలియో పోయిందని మీరే అన్నారు, చుక్కలూ వేయించాం, మళ్లీ సూది ఎందుకమ్మా?" 2023 జనవరి నుంచి తొమ్మిదో నెలలో మూడో సూది కూడా చేరాక ఈ మాటకు బలం పెరిగింది.

2014లో దేశానికి పోలియో రహిత గుర్తింపు వచ్చిన సంగతి అందరికీ తెలుసు. అసలు మలుపు మాత్రం 2016 ఏప్రిల్ 25. ఆ రోజు చుక్కల మందులోంచి టైప్-2 వైరస్‌ను (పోలియో వైరస్ మూడు రకాల్లో ఒకటి) తీసేశారు. కారణం ఉంది. చుక్కల్లో ఉండేది బలహీనపరిచిన బతికున్న వైరస్. అది పేగుల్లో పెరిగి అక్కడే రక్షణ పుట్టిస్తుంది. కానీ మలంతో బయటపడి, టీకాలు సరిగ్గా అందని చోట ఒకరి నుంచి ఒకరికి పాకుతూ అరుదుగా మళ్లీ బలం పుంజుకుంటుంది. సహజ టైప్-2 1999 తర్వాత ఎక్కడా కనిపించలేదు, మందులోని టైప్-2తోనే ముప్పు మిగిలింది.

అంటే, తర్వాత పుట్టిన పిల్లలకు మామూలుగా వేసే చుక్కల్లో టైప్-2 రక్షణ లేదు. అదిచ్చేది సూదే. అందులోది చంపిన వైరస్, పేగుల్లో పెరగదు. రక్తంలో యాంటీబాడీలు పుట్టించి, వైరస్ నరాల దాకా పోకుండా ఆపుతుంది. పేగులకిచ్చే రక్షణ తక్కువ కాబట్టి చుక్కలూ ఆపలేదు.

2016లో టైప్-2ను తీసేసి రెండు నెలలు తిరక్కుండానే హైదరాబాద్ మురుగునీటిలో టీకా నుంచి పుట్టిన టైప్-2 దొరికింది. ఆ జూన్‌లోనే హైదరాబాద్, రంగారెడ్డి జిల్లాల్లో దాదాపు 3 లక్షల మంది పిల్లలకు సూది వేశారు. నల్లగొండ, పాలమూరు పొలిమేరల దాకా వచ్చిన కబురది.

తల్లుల ఇంకో అనుమానం మోతాదు మీద. కండలోకి 0.5 మి.లీ. వేయాల్సింది చర్మంలోకి 0.1 మి.లీ.యే వేస్తున్నారు, కందిగింజంత పొక్కు లేస్తుంది. "మందు తక్కువై కోత పెట్టారు" అంటారు. అధికారులు పరిశోధనల మాట చెబుతారు. అప్పట్లో ప్రపంచమంతా టీకా కొరత ఉన్న మాట నిజమే, దాచడమెందుకు? చర్మంలో రోగనిరోధక కణాలు దట్టంగా ఉంటాయి, ఆరు, పద్నాలుగు వారాలకు వేసే రెండు చిన్న మోతాదులు ఒక పూర్తి మోతాదు కన్నా మెరుగ్గా పనిచేస్తాయన్నదీ నిజమే. టీకా కార్డులో మాత్రం "ఎఫ్‌ఐపీవీ" (చిన్న మోతాదు పోలియో సూది) అని అక్షరాలే ఉంటాయి. మోతాదు ఎందుకు తగ్గించారో సూది వేసేటప్పుడే చెబితే ఇంత టెన్షన్ ఉండేది కాదు.