చివరి మెట్టు దిగని నత్రజని

పొలం మట్టి మీద ఏళ్ల తరబడి పరిశోధించి డాక్టరేట్ పుచ్చుకోవడానికి అందులో ఏముంటుందని ఒక పాఠకుడు అడిగారు. సాగు నేలల నుంచి వెలువడే హరితగృహ వాయువులను తగ్గించడమన్న పరిశోధనాంశాన్ని ఆయన ఎక్కడో చూశారట. పొగ గొట్టాలూ ఇంజన్లూ లేని చోట తగ్గించవలసినది ఏమున్నదన్నది ఆయన సందేహం. నా జవాబు ఒక అసంపూర్తి పని గురించి: నేలలోని బాక్టీరియా నత్రజనిని తిరిగి గాలిలో కలిపే పనిని చాలాసార్లు చివరి మెట్టు దగ్గర వదిలేస్తాయి.

మీథేన్, కార్బన్ డయాక్సైడ్‌ల కథ వేరు, వాటిని పక్కన పెడుతున్నాను. ఇక్కడ నాకు కావలసినది నైట్రస్ ఆక్సైడ్, అంటే హంఫ్రీ డేవీ 1799లో తానే పీల్చి చూసి ఆశ్చర్యపోయిన నవ్వుల వాయువు. వందేళ్ల కాలానికి లెక్క కడితే ఇది కిలోకు కిలో కార్బన్ డయాక్సైడ్ కంటే 273 రెట్లు ఎక్కువ వేడిని పట్టి ఉంచుతుంది. పైకి చేరాక ఓజోన్‌నూ హరిస్తుంది. మనిషి వల్ల వెలువడే నైట్రస్ ఆక్సైడ్‌లో అత్యధిక భాగం వ్యవసాయానిదే.

పాఠ్యపుస్తకాల్లో నత్రజని వలయాన్ని ఒక చక్కని గుండ్రని బొమ్మగా వేస్తారు. బాణాలన్నీ ఒకదాని తోక మరొకటి పట్టుకుని తిరుగుతాయి, ఎక్కడా ఒక్క బొట్టు కారదు. పిల్లలు బాణాల పేర్లు బట్టీ పట్టి మార్కులు తెచ్చుకుంటారు గానీ, అసలు విషయం ఆ కారడంలోనే ఉందని వారికెవరూ చెప్పరు. 1989లో మేరీ ఫైర్‌స్టోన్, ఎరిక్ డేవిడ్‌సన్ అనే శాస్త్రవేత్తలు ఆ బొమ్మకు బదులు చిల్లులు పడ్డ గొట్టాన్ని ఊహించారు. ఎరువులోని అమ్మోనియం నైట్రేట్‌గా మారే నత్రీకరణ మొదటి గొట్టం. నైట్రేట్ మెట్టు మెట్టుగా నైట్రైట్, నైట్రిక్ ఆక్సైడ్, నైట్రస్ ఆక్సైడ్‌గా మారి, చివరికి నిరపాయమైన నత్రజని వాయువుగా గాలిలో కలిసే వినత్రీకరణ రెండవది. మొదటి గొట్టంలో నైట్రస్ ఆక్సైడ్ పక్కకు చిందే తుంపర మాత్రమే, రెండవ దానిలో అదే ప్రవాహం. ఎంత కారుతుందన్నది రెండింటిని బట్టి ఉంటుంది: గొట్టంలో ఎంత పారుతోంది, చిల్లు ఎంత పెద్దది.

పారేదాన్ని తగ్గించడం తేలికగా అర్థమయ్యే ఉపాయం. పైరు ఎంత నల్లగా కనిపిస్తే దిగుబడి అంత పెరుగుతుందన్న నమ్మకాన్ని నేను చదువుకున్నవారి మూఢనమ్మకాల్లో చేరుస్తాను. మొక్క తన అవసరం మేరకే తీసుకుంటుంది, మిగిలినదంతా గొట్టంలోకి పోతుంది. అందుకే ఎరువును విడతలుగా వేయడం, నత్రీకరణను మందగింపజేసే పదార్థాలను కలపడం వంటివి పరీక్షిస్తారు. బ్రాకియేరియా జాతి గడ్డి వేళ్లే అలాంటి పదార్థాన్ని స్రవిస్తాయని గుంటూరు వి. సుబ్బారావు బృందం 2009లో నిరూపించింది.

చిల్లు సంగతి ఇంతకంటే రసవత్తరం. మట్టి రేణువుల మధ్య ఖాళీల్లో సుమారు 60 శాతం వరకు నీరున్నంత కాలం ఆక్సిజన్ ఆడుతుంది, నత్రీకరణ సాగుతుంది. ఆ పైన ఊపిరాడని బాక్టీరియా ఆక్సిజన్‌కు బదులు నైట్రేట్‌ను వాడుకోవడం మొదలుపెడతాయి. 70, 80 శాతాల మధ్య నైట్రస్ ఆక్సైడ్ పోటెత్తుతుంది. నేల పూర్తిగా నానితే మాత్రం వాయువు పైకి రాలేక అక్కడే చిక్కుకుని, చివరి మెట్టు కూడా దిగి నత్రజనిగా మారిపోతుంది. అంటే బాగా తడిసిన నేల కంటే సగం ఆరిన నేలే ఎక్కువ ప్రమాదకారి.

ఆ చివరి మెట్టు దింపే ఎంజైమ్ ఒక్కటే. దాని ఒక్కో అణువులో 12 రాగి పరమాణువులుంటాయి. ఆక్సిజన్ సోకితే దాని పని కుంటుపడుతుంది. ఆమ్ల నేలల్లో జన్యువు పనిచేస్తున్నా ఎంజైమ్ సరిగ్గా కూడుకోదు. శిలీంధ్రాల్లోనైతే ఆ ఎంజైమే లేదు కనుక వాటి గొట్టం నైట్రస్ ఆక్సైడ్ దగ్గరే తెగిపోతుంది.

ఇక పరిశోధకురాలు రోజూ చేసే పని చూద్దాం. ఆమె మట్టిలో పాతిన చట్రం మీద అడుగు లేని పెట్టె బోర్లించి అంచులు బిగిస్తుంది. 0, 20, 40, 60 నిమిషాలకు రబ్బరు మూతలోంచి సిరంజితో గాలి లాగి, గాలి తీసేసిన చిన్న గాజు సీసాల్లో నింపుతుంది. పెట్టె ఎత్తు 20 సెంటీమీటర్లయి, లోపలి నైట్రస్ ఆక్సైడ్ గాఢత నిమిషానికి వంద కోట్లలో 10 వంతుల చొప్పున పెరిగిందనుకుందాం. లెక్క కడితే హెక్టారుకు రోజుకు సుమారు 33 గ్రాముల నత్రజని ఆ రూపంలో పోతున్నట్లు. అది దాదాపు 14 కిలోల కార్బన్ డయాక్సైడ్‌కు సమానం. చిక్కేమిటంటే పక్క పెట్టెలో ఇందులో పదో వంతు కూడా ఉండకపోవచ్చు, వారం తరువాత ఇక్కడే ఏమీ కనిపించకపోవచ్చు. ఏడాది మొత్తం ఉద్గారంలో పెద్ద వాటా ఎరువు వేశాక పడే వాన వెంటనే కొద్ది రోజుల్లో వెలువడిపోతుంది. ఆ రోజుల్లో ఆమె ఊళ్లో లేకపోతే సిద్ధాంత గ్రంథంలో ఒక అధ్యాయం పోయినట్లే.

చిల్లు పూడ్చడానికి సున్నం ఒక మార్గం, ఎందుకంటే ఆమ్లత్వం తగ్గితే ఎంజైమ్ కోలుకుంటుంది. అయితే సున్నపురాయి పొడి మట్టిలో కరిగేటప్పుడు తానే కార్బన్ డయాక్సైడ్‌ను వదలవచ్చు, దాన్నీ ఖాతాలో రాయాలి. రెండవ మార్గం 2024లో నార్వే శాస్త్రవేత్తలు చూపించారు. ఊరికే మట్టిలో వదిలిన బాక్టీరియా తిండి లేక, పోటీ తట్టుకోలేక చస్తాయి. అందుకని నైట్రస్ ఆక్సైడ్‌ను పీల్చుకుని బతికే ఒక బాక్టీరియాను బయోగ్యాస్ తీయగా మిగిలిన వ్యర్థంలో పెంచి, ఆ వ్యర్థంతో సహా నేలకు ఎరువుగా వేశారు. నేల రకాన్ని బట్టి ఉద్గారం 50 నుంచి 95 శాతం తగ్గింది. అవి మట్టిలో ఎన్నాళ్లు నిలుస్తాయో, ఏ నేలలో ఎంత మోతాదు సరిపోతుందో కొలవాలంటే మళ్లీ పెట్టె బోర్లించి, సిరంజి పట్టుకుని గంటసేపు కూర్చోవలసిందే.