సెల్లార్ పంపు: అపోహలు – వాస్తవాలు

హైదరాబాద్‌లో సంపు అంటే మంచినీళ్ల ట్యాంకు. సెల్లార్‌లోకి వచ్చే వాన నీరు, ఊట నీరు చేరే గుంత వేరు. పనివాళ్లు దాన్ని పిట్ అంటారు, అందులో దించిన మోటారును సెల్లార్ పంపు అంటారు. 2020 అక్టోబరు 13, 14 తేదీల వానకు నగరంలో ఎన్నో అపార్ట్‌మెంట్ల సెల్లార్లు నిండిపోయాయి. ఇలా మునిగిన చోట ముందుగా వినిపించే మాట "పంపు పనిచేయలేదు" అని. విప్పి చూస్తే చాలాసార్లు మోటారు బాగానే ఉంటుంది. ఫ్లోటు (నీటి మీద తేలుతూ మట్టాన్ని బట్టి పంపును ఆన్, ఆఫ్ చేసే స్విచ్) పైపుకు చుట్టుకుని ఉంటుంది, లేదా వాల్వు పట్టేసి ఉంటుంది, లేదంటే వైరు జాయింట్లోకి నీళ్లు దిగి ఉంటాయి. కింది అపోహల్లో ఎక్కువ భాగం ఈ చిన్న సామాన్ల గురించే.

అపోహ: "పోయిన వానాకాలం బాగానే నడిచింది, ఈసారీ నడుస్తుంది."

నవంబరు నుంచి మే దాకా పంపు బురదలో కదలకుండా కూర్చుంటుంది. ఆ బురద ఎండి ఇంపెల్లర్ (నీటిని తోసే రెక్కల చక్రం) చుట్టూ సిమెంటులా గట్టిపడుతుంది. జూన్‌లో తొలి వానకు మోటారు తిరగబోతుంది, తిరగలేదు, వేడెక్కి కాలిపోతుంది. అందుకే మే చివరి వారంలో ఒక పూట దీనికి కేటాయించండి. పైన మెయిన్ స్విచ్ ఆపి, పంపును తాడుతో పైకి లాగండి. కరెంటు కేబుల్ పట్టుకుని లాగితే కేబుల్ మోటారులోకి దిగే చోట రబ్బరు సడలి, అక్కడి నుంచే నీరు లోపలికి పోతుంది. జాలీ విప్పి కడగండి, ఇంపెల్లర్‌ను చేత్తో తిప్పి చూడండి. పిట్‌లోని బురద, ఆకులు, ప్లాస్టిక్ కవర్లు ఎత్తి పారేయండి. పంపును తిరిగి నేల మీద పెట్టకుండా ఒక సిమెంటు దిమ్మె మీద నిలబెట్టండి. ఫ్లోటు పైకి, కిందికి వెళ్లేటప్పుడు గోడకు గానీ పైపుకు గానీ తగలకూడదు.

తర్వాత 200 లీటర్ల డ్రమ్ముతో పిట్‌లోకి నీళ్లు పోయండి. చాలకపోతే ఇంకో డ్రమ్ము. పంపు తనంతట తాను ఆన్ అవ్వాలి, తోడాలి, తనంతట తాను ఆగాలి. ఒక మనిషి రోడ్డు దగ్గర నిలబడి పైపు చివర నీళ్లు ధారగా పడుతున్నాయో లేదో చూడాలి. వాచ్‌మన్ బటన్ నొక్కి చప్పుడు విని "నడుస్తోంది సార్" అనడం పరీక్ష కాదు. వానలు మొదలయ్యాక ఇదే పరీక్ష 15 రోజులకోసారి.

అపోహ: "హెచ్‌పీ ఎంత ఎక్కువైతే అంత భద్రం."

లెక్క వేసి చూద్దాం. మీ ర్యాంపు 120 గజాలు అనుకోండి, అంటే సుమారు 100 చదరపు మీటర్లు. గంటలో 5 సెంటీమీటర్ల వాన పడితే దాని మీద పడే నీరు 5,000 లీటర్లు, అంటే నిమిషానికి 83 లీటర్లు. పిట్ అడుగు నుంచి రోడ్డు మట్టానికి 15 అడుగులు ఉంటే, ఆ ఎత్తుకు నిమిషానికి 250 లీటర్లు తోడే పంపు 1 హెచ్‌పీలోనే దొరుకుతుంది. కొనేటప్పుడు హెచ్‌పీ ఒక్కటే అడగొద్దు. "15 అడుగుల హెడ్‌కు (తోడాల్సిన ఎత్తుకు) నిమిషానికి ఎన్ని లీటర్లు?" అని అడిగి, పంపుతో వచ్చే చార్టు చూడండి.

ఇప్పుడు పిట్ సంగతి. 3 అడుగుల పొడవు, 3 అడుగుల వెడల్పు ఉన్న పిట్‌లో ఆన్‌కీ ఆఫ్‌కీ మధ్య అడుగు తేడా ఉంటే అందులో పట్టేది 255 లీటర్లు. పై వానకు అది నిండడానికి 3 నిమిషాలు, తోడడానికి ఒకటిన్నర నిమిషం. గంటకు 13 సార్లు పంపు స్టార్ట్ అవుతుంది. ఇదే పిట్‌లో 3 హెచ్‌పీ దించితే క్షణాల్లో ఖాళీ చేసి ఆగుతుంది, మళ్లీ లేస్తుంది. స్టార్ట్ అయిన ప్రతిసారీ మోటారు మామూలు కంటే ఎన్నో రెట్లు కరెంటు లాగుతుంది. ఫ్లోటు స్విచ్ కాంటాక్టులు మాడిపోయేది, వైండింగ్ (మోటారు లోపలి తీగ చుట్ట) వేడెక్కేది ఇందుకే. ఒక పెద్ద పంపు కంటే రెండు 1 హెచ్‌పీ పంపులు మేలు. రెండో దాని ఫ్లోటును మొదటి దాని కంటే అర అడుగు ఎత్తులో కట్టండి, దానికే ఒక అలారం బెల్లు కలపండి. బెల్లు మోగిందంటే మొదటి పంపు ఆగిపోయిందని, లేదా నీరు దాని శక్తికి మించి వస్తోందని అర్థం.

రోడ్డు మీది వరద ర్యాంపు దాటి లోపలికి దూకుతుంటే మాత్రం ఇంట్లో పెట్టే ఏ పంపూ ఆపలేదు. దానికి మందు ర్యాంపు మొదట్లో రోడ్డు కంటే ఎత్తుగా కట్టిన గట్టు, ర్యాంపు అడుగున అడ్డంగా జాలీ కాలువ.

అపోహ: "బోరు దగ్గర తీసేసిన మోటారు ఉంది, అదే వేసేద్దాం."

బోరు మోటారు శుభ్రమైన నీటికి చేసింది. దాని సన్నటి జాలీ ఒక్క వానకే బురదతో పూడుకుంటుంది. పైగా అది పూర్తిగా మునిగి ఉంటేనే చల్లబడుతుంది. సెల్లార్‌కు మురికినీరు తోడే డీవాటరింగ్ పంపే కావాలి.

అపోహ: "పైపు చివర మ్యాన్‌హోల్లో పెడితే చాలు, ఎన్‌ఆర్‌వీ దండగ."

ఎన్‌ఆర్‌వీ అంటే నీటిని ఒకే వైపు పోనిచ్చి, వెనక్కి రానివ్వని వాల్వు. పెద్ద వానకు మొదట నిండేది ఆ మ్యాన్‌హోలే. పైపు చివర నీటిలో మునిగి ఉండగా పంపు ఆగితే, సైఫన్ పట్టి రోడ్డు మీది మురుగు అదే పైపులోంచి మీ సెల్లార్‌లోకి దిగుతుంది. పంపు తోడిందంతా తిరిగొస్తుంది, దాంతోపాటు వీధి మురుగూ వస్తుంది. కాబట్టి పైపును రోడ్డు మట్టం కంటే రెండడుగులు పైకి తీసుకెళ్లి, అక్కడ వంపు తిప్పి, వాన నీటి కాలువలోకి గాలిలోంచి పడేలా వదలండి. పంపుకు కాస్త పైన ఎన్‌ఆర్‌వీ వేయండి, దాని మీది బాణం గుర్తు పైకి చూడాలి. ఎన్‌ఆర్‌వీకి, పంపుకు మధ్య పైపులో 4 మిల్లీమీటర్ల రంధ్రం ఒకటి, పిట్ లోపలే ఉండేలా వేయాలి. అది లేకపోతే గాలి ఇరుక్కుని మోటారు తిరుగుతున్నా నీళ్లు ఎక్కవు. ఆ రంధ్రంలోంచి సన్నగా నీరు చిమ్మడం లీకేజీ కాదు, దానికి ఎంసీల్ పెట్టి మూయకండి.

పంపు మూతి 2 అంగుళాలుంటే పైపు కూడా చివరిదాకా 2 అంగుళాలే ఉండాలి. 1 అంగుళానికి తగ్గిస్తే నీరు పోయే దారి నాలుగో వంతే మిగులుతుంది.

అపోహ: "ఎంసీబీ ఉంది కదా, షాక్ కొట్టదు."

ప్రాణాలు తీసే అపోహ ఇది. ఎంసీబీ అంటే కరెంటు మోతాదు మించితే లైను ఆపే స్విచ్. 1 హెచ్‌పీ మోటారు 6, 7 ఆంపియర్లు తీసుకుంటుంది కాబట్టి దానికి 10 లేదా 16 ఆంపియర్ల ఎంసీబీ పెడతారు. మనిషి గుండె ఆగడానికి ఒక ఆంపియర్‌లో పదో వంతు కూడా అక్కర్లేదు. ఆ కొంచెం కరెంటును ఎంసీబీ లెక్కలోకే తీసుకోదు. ఎంసీబీ వైరును కాపాడుతుంది, మనిషిని కాపాడేది 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ, అంటే కరెంటు కొంచెం లీకైనా లైను ఆపే స్విచ్. పంపు లైనుకు అది విడిగా ఉండాలి, నెలకోసారి దాని టెస్ట్ బటన్ నొక్కి చూడాలి. అది మాటిమాటికీ ట్రిప్ అవుతుంటే తీసేసి డైరెక్ట్ ఇచ్చేవాళ్లున్నారు. దయచేసి ఆ పని చేయనివ్వకండి. ట్రిప్ అవుతోందంటే ఎక్కడో కరెంటు నీటిలోకి పోతోందన్నమాట. పిట్‌లో టేపు చుట్టిన జాయింటు ఉంటే ముందు దాన్నే అనుమానించండి. జాయింట్ బాక్సు, స్టార్టరు సెల్లార్ నేల నుంచి కనీసం ఐదడుగుల ఎత్తులో, వీలైతే పై అంతస్తులో ఉండాలి.

సెల్లార్‌లో నీరు నిలిచాక బండి తీసుకురావడానికి గానీ, పంపు చూడడానికి గానీ ఎవరూ దిగకూడదు. మెయిన్ ప్యానెల్ కూడా కిందే ఉంటే, లైన్‌మన్ వచ్చి ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర సరఫరా ఆపేదాకా ఆగాల్సిందే. వాన ముదురుతున్నప్పుడే లిఫ్టును పై అంతస్తుకు పంపి ఆఫ్ చేయండి, లిఫ్టు గుంత సెల్లార్ కంటే లోతు.

అపోహ: "గుర్రుమంటోంది కానీ తిరగడం లేదు, వైండింగ్ పోయినట్టే."

రీవైండింగ్‌కు ఇచ్చే ముందు రెండు చూడండి. మొదటిది, స్విచ్ ఆపి చూస్తే ఇంపెల్లర్‌లో గుడ్డపేలిక గానీ రాయి గానీ ఇరుక్కుని ఉండొచ్చు. రెండోది కెపాసిటర్, అంటే మోటారు తిరగడం మొదలవడానికి ఊపునిచ్చే భాగం. అందులో నిలిచిన కరెంటును డిశ్చార్జ్ చేశాకే ముట్టుకోవాలి, మీటరుతో కొలవాలి, రాసి ఉన్న మైక్రోఫ్యారడ్ల కంటే పదిశాతం తగ్గితే అదే విలువది, అదే వోల్టేజీది కొత్తది వేయాలి. త్రీఫేజ్ మోటారైతే ఒక ఫేజ్ పోయిందేమో చూడాలి. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర పని జరిగాక పంపు తిరుగుతూ కూడా నీళ్లు తక్కువగా ఎక్కిస్తుంటే ఫేజులు తారుమారై ఉల్టా తిరుగుతోందేమో చూడాలి. ఎలక్ట్రీషియన్ రెండు వైర్లు మారిస్తే సరిపోతుంది. నిజంగా మోటారులోకి నీరు దిగిందో లేదో పంపు లోపలి ఆయిల్ చెబుతుంది: పాలలా తెల్లబడితే నీటిని ఆపే సీల్ పోయినట్టు.

అపోహ: "జనరేటర్ ఉంది, కరెంటు పోయినా ఫర్వాలేదు."

చాలా చోట్ల జనరేటర్ లైను లిఫ్టుకు, కారిడార్ లైట్లకు, మంచినీళ్ల మోటారుకు మాత్రమే ఉంటుంది. మెయిన్ ఆపి, జనరేటర్ మీద సెల్లార్ పంపు నడిపి చూడండి.

అపోహ: "వాన ఆగింది, ఇక పంపు ఆపేయొచ్చు."

ఊట ఆగదు. భూమిలో నీటిమట్టం పెరిగాక, ముఖ్యంగా చెరువు పక్కన కట్టిన భవనాల్లో, రోజుల తరబడి గోడల్లోంచి నీరు వస్తూనే ఉంటుంది. పాత రాతి గోడల సెల్లార్ పూర్తిగా నిండితే ఒక్కసారిగా తోడేయకండి. బయట మట్టి నీటితో బరువెక్కి ఉంటుంది, లోపల నీటి ఆసరా పోతే గోడ లోపలికి ఒరగవచ్చు. ఒక అడుగు తోడి, గోడ మీద గుర్తు పెట్టి, రాత్రంతా చూడండి. మట్టం తిరిగి పెరిగితే ఇంకా తోడే సమయం కాలేదు.

మంచినీళ్ల సంపు మూత దాకా మురికినీరు వచ్చి ఉంటే, పై ట్యాంకుకు ఎక్కించకుండా మొత్తం ఖాళీ చేసి రుద్ది కడగండి. నింపాక వెయ్యి లీటర్లకు 150 గ్రాముల లెక్కన బ్లీచింగ్ పౌడర్‌ను బకెట్‌లో కలిపి, పైన తేరిన నీటిని సంపులో పోసి, రాత్రంతా ఉంచి, తెల్లారి ఆ నీరంతా పారబోసి, ఇంకోసారి కడిగాకే వాడండి.