బోరు మోటర్ తాడు, క్లిప్పులు, క్లాంపులు: అపోహలు – వాస్తవాలు

ఎండకాలం వచ్చిందంటే ఫోన్లు మొదలైతయి, "అన్నా మోటర్ బోర్ల జారింది, జర తొందరగ రా" అని. దేవరకొండ, మర్రిగూడ, కల్వకుర్తి దిక్కు నీళ్లు అడుగుకు పోయినయి, నాలుగైదు వందల ఫీట్ల కాడ మోటర్లు దించుతున్నరు. పడిందంటే మోటరొక్కటే పోదు, అడ్డం ఇరుక్కుంటే బోరే ఖతం. బత్తాయి తోట ఎండుతుంటే ఆ రైతు మొఖం చూడలేం. అందుకే మోటర్ బోర్ల పడకుండ దానికి కట్టే తాడు, ఆ తాడు కొసలు పట్టే క్లిప్పుల గురించి రాస్తున్న, మొత్తం చదవండి.

అపోహ: తాడు లావుగుంటే చాలు, కొస ఎట్ల కట్టినా ఒకటే

అందర్నీ ముంచేది ఇదే. తాడు నడిమిట్ల తెగి పడ్డ మోటర్లు నేను చూసింది బహు తక్కువ, పోయేదంతా కొస కాడనే, ముడి కాడ, మడిచిన కొసను బిగించే క్లిప్పు కాడ, తాడును మోటర్‌కు తగిలించే ఇనుప కొక్కెం (షాకిల్) పిన్ను కాడ. తాడుకు వేలు పోస్తరు, క్లిప్పుల కాడికొచ్చేసరికి "ఏదో ఒకటి ఇయ్యి" అంటరు.

ముందు బరువు లెక్క చూడండి. మోటర్, పంపు కలిసి అరవై కిలోలే కదా అంటరు, నిజమే, కానీ పైపుల నీళ్ల బరువెవరు లెక్కవెడ్తరు? ఇంచుంపావు పైపుల నాన్‌రిటర్న్ వాల్వు (నీళ్లను ఎనకకు పోనియ్యనిది) ఉంటే నీళ్లు దిగవు, 400 ఫీట్లకు 100 కిలోలకు పైనే నీళ్లుంటయి. జీఐ (జింకు పూత ఇనుప) పైపు అయితే 20 ఫీట్లది ఒక్కోటి 19 కిలోల దాకా, ఇరవై పైపులకు 380. కేబుల్ కలుపుకుంటే 550 కిలోలు దాటుతది. హెచ్‌డీపీఈ (నల్ల ప్లాస్టిక్) పైపు అయితే అందుల సగం రావచ్చు. మోటర్ ఒండ్రుల కూరుకపోయిందనుకోండి, అప్పుడు ఈ లెక్కలేవీ పనికిరావు, చైన్ పుల్లీ ఎంత గుంజితే అంత లోడు తాడు మీద పడుతది.

8 ఎంఎం స్టీల్ తాడు, మంచిదైతే, మూడు టన్నులకు పైన తెగుతది. షాపుల చెప్పే నంబరు అదే, తెగే బరువు. మోసే బరువు అందుల అయిదో వంతు, అంటే 600 కిలోలు అనుకోండి. ఇగ కొసకు యూ క్లిప్పులు (యూ లెక్క వంగిన బోల్టు, దాని మీద గాళ్లున్న లావు ముక్క, నట్లు) సరిగ్గ పెడితే ఆ బలంల 80 శాతం నిలబడుతది, తిప్పి పెడితే సగం కూడ ఉండదు. ప్లాస్టిక్ తాడుకు ముడి ఏసినా అంతే, ముడి కాడ దాదాపు సగం బలం పోతది. స్టీల్ తాడుకైతే ముడి అసలే వద్దు.

మొన్న మర్రిగూడ దిక్కు ఒక తోటకు పోయిన, కొత్త తాడు, ఏసి ఇంకా సీజన్ గూడ కాలేదు, మోటర్ పడ్డది. పైన మిగిలిన కొస చేతుల పట్టుకొని చూస్తే సంగతి సమజైంది: యూ వంపు తాడుల బరువు మోసే పోగు (మోటర్ దిక్కు పోయే పొడుగు భాగం) మీద కూసోని దాన్ని పలకగ నొక్కేసింది, అక్కడనే తీగలు ఒక్కోటి తెగి సూదుల్లెక్క లేచినయి. రెండో క్లిప్పు ఇటు తిప్పి పెట్టిన్రు, "ఒకటటు ఒకటిటు పెడితే పట్టు గట్టిగుంటదని చెప్పిన్రు" అన్నడు పెద్దాయన. ఎవరు చెప్పిన్రో గానీ శుద్ధ తప్పు. అన్ని క్లిప్పులు ఒక్క దిక్కే ఉండాలె. గాళ్లున్న లావు ముక్క బరువు మోసే పోగు కింద, యూ వంపు మడిచి తెచ్చిన చిన్న కొస మీద. 8 ఎంఎంకు మూడు క్లిప్పులు, నడుమ అయిదు సెంటీమీటర్ల ఎడం, తాడు మడిచిన వంపుల తింబుల్ (తాడు నలగకుండ పెట్టే ఇనుప గాడి) పెట్టాలె. బరువు పడ్డంక తాడు సన్నబడుతది, కాబట్టి నట్లు మళ్లొకసారి బిగించాలె. ఈ రెండోసారి బిగించుడు ఎవరూ చెయ్యరు, చెయ్యండి.

మిగతావి తొందరగ చెప్త.

ఫ్లోరైడ్ నీళ్లు తాడును తింటయి అంటరు. మన నీళ్లల్ల ఉండే ఫ్లోరైడ్ మన పండ్లకు, ఎముకలకు ముప్పు, ఇనుము తుప్పుకు కారణం గాలి, తడి, నీళ్ల ఉప్పదనం. నీటిమట్టం ఎక్కి దిగే జాగల ముందు చూడండి, తుప్పు అక్కడనే ఎక్కువ.

ప్లాస్టిక్ తాడు కుళ్లదు, నిజమే, కానీ ఎండకు పాడైతది. కేసింగ్ పైన బయటికున్న ముక్కను గోరుతోని గీకి చూడండి, పొడి రాలితే మార్చేయండి.

కేబుల్ పట్టుకొని మోటర్ గుంజుతరు కొందరు, దండం పెడ్త, వద్దు. పది ఫీట్లకొకసారి పైపుకు కట్టాలె, జీఐ తీగతోని కాదు, అది తొక్క కోస్తది. చైన్ పుల్లీ హుక్కు నోరు తెరుచుకున్నట్టు అనిపిస్తే, నోరు మూసే లాచ్ లేకుంటే ఆ పుల్లీ కింద నిలబడకండి. షాకిల్ పిన్ను పోయిందని మామూలు బోల్టు ఎక్కించకండి.

ఇప్పటికే క్లిప్పులు తిప్పి పెట్టినోళ్లు రాత్రంత భయపడకండి. పై కొస మోటర్ తియ్యకుండనే సరిచెయ్యొచ్చు: కరెంటు బంద్ చేసి, కపులింగ్ (రెండు పైపుల జోడు) కింద పైపును పట్టే క్లాంపు గట్టిగ బిగించి పైపును కేసింగ్ మీద కూసోబెట్టి, తాడు లూజు అయినంక క్లిప్పులు ఒక్కోటి మార్చండి, నలిగిన ముక్క ఉంటే కోసేయండి. కింది కొస మాత్రం మోటర్ ఎప్పుడు పైకొస్తే అప్పుడు, మెకానిక్ పక్కన నిలబడి చూసుకొని మార్పించుకోండి.